కొబ్బరినూనె రాసిన వేలు

శంషాబాద్‌లో పై దేశాలకు పోయే దారిలో ఇప్పుడు మనిషి అవసరం లేని గేట్లు వచ్చాయి. ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్ళు పాస్‌పోర్టు పెట్టి, వేలు పెట్టి, అర నిమిషంలో అవతల పడొచ్చు. నేను మాత్రం పక్కనున్న పొడుగాటి వరుసలో నిలబడి, ఆవలిస్తున్న ఆఫీసరు నా ముఖం చూసి ముద్ర వేసేదాకా ఆగుతాను. నాతో ప్రయాణం చేసే జూనియర్లు నవ్వుతారు. "ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి మెషిన్ అంటే భయమేంటి మేడం?" అంటారు. భయమే మరి. ఆ గేట్ల సంగతి నాకు లోపలి నుంచి తెలుసు. అలాంటిది ఒకటి తయారవుతున్నప్పుడు, బాగానే పనిచేస్తుందని సంతకం పెట్టింది నేనే.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులవి. హైటెక్ సిటీలో ఒక మోస్తరు కంపెనీలో నేను టెస్టింగ్ చేసేదాన్ని. టెస్టింగ్ అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టే పని. "అత్తగారి ఉద్యోగం" అనేది మా అమ్మ. మాది కడప జిల్లా, నోరు కొంచెం పెద్దది, తప్పులు పట్టడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరు. ఎవరి తప్పులు పట్టడంలో అన్నది అప్పుడు ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మాకు పని ఇచ్చింది గల్ఫ్‌లో ఒక దేశపు విమానాశ్రయం. దేశం విడిచిపోయేవాళ్ళ దారిలో పెట్టడానికి గేట్లు కావాలి, అదీ తొందరగా. కారణం ఏమిటంటే ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించబోతోంది. వీసా గడువు దాటినవాళ్ళు, యజమానిని వదిలేసి బయట చాటుమాటుగా పనిచేసుకునేవాళ్ళు ఫలానా తేదీలోపు జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. అందరూ ఒక్కసారి మీద పడతారు కాబట్టి మెషిన్లు కావాలి. మనిషి ఆ దేశంలో దిగినప్పుడు తీసుకున్న వేలిముద్రా, పోయేటప్పుడు పెట్టిన వేలూ ఒకటేనా అని గేటు చూస్తుంది. ఒకటే అయితే పచ్చ దీపం వెలిగి గాజు తలుపు తెరుచుకుంటుంది. కాకపోతే ఎర్ర దీపం. మూడుసార్లు ఎర్ర దీపం వెలిగిందంటే ముందు తలుపూ, వెనక తలుపూ రెండూ బిగుసుకుంటాయి. మనిషి నడుమ ఉండిపోతాడు, పోలీసు వస్తాడు. ఒకరి పేరుతో ఇంకొకరు పారిపోకుండా ఆ ఏర్పాటు.

మా నాలుగో అంతస్తులో ఒక గది మధ్యన అచ్చంగా అలాంటి గేటునే నిలబెట్టారు. ఆ గదిని రోజూ తుడిచే హౌస్‌కీపింగ్ ఆమె మొదటిరోజు చీపురు పట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"గిదేంది మేడం? నాలుగు దిక్కుల గోడలు లేకుంట నడిమిట్ల ఒక్క గేటే పెట్టిన్రు?"

నవ్వొచ్చి, అది ఎక్కడికి పోతుందో చెప్పాను. దేశం పేరు వినగానే ఆమె చీపురు గోడకు ఆనించింది.

"మా ఆయన గాడనే ఉన్నడు మేడం."

వాళ్ళది కరీంనగర్ జిల్లా. ఆమె కూతురితో బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త ఆరేళ్ళ కింద పోయాడు. గోడలు కట్టే పని, వాళ్ళ మాటలో సుతారి పని. తీసుకుపోయిన కంపెనీ జీతం సరిగా ఇవ్వక ఏడిపిస్తే, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలేసి బయటపడి, ఎక్కడ పని దొరికితే అక్కడ చేస్తున్నాడు.

"ఖల్లివెల్లి అంటరు గాడ. అంటే ఏ లెక్కల లేనోడన్నట్టు. పోలీసోళ్ళు కనవడితె గల్లీలకెల్లి ఉరుకుడే. బిడ్డ రెండేండ్లదున్నప్పుడు పోయిండు, ఇప్పుడు మూడో తరగతి. ఫోన్ల గొంతే తప్ప మనిషి తెల్వదు దానికి," అంది. తర్వాత గేటు గాజు మీద చెయ్యి వేసి చూసి, మళ్ళీ కొంగుతో ఆ గుర్తు తుడిచింది. "అయితె ఆయన గీన్ల నుంచే ఒస్తడన్నట్టు."

"అవునక్కా, ఇందులోంచే," అన్నాను. చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. అంతకు ముందు నేను పరీక్షించినవన్నీ ఎక్కడో ఎవరో వాడే బిల్లుల ప్రోగ్రాములు. ఆ రోజు నుంచి ఆమె నా బల్ల రెండుసార్లు తుడిచేది. నేను వద్దన్నకొద్దీ ఇంకా మెరిసేట్టు తుడిచేది.

ఆ నెలల్లో వారానికి ఒక బంద్. బంద్ అంటే మా కంపెనీకి వణుకు. మా మేనేజరు గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఫోన్లో అవతలి దేశం వాళ్ళకు ఎప్పుడూ ఒకటే పాట: హైదరాబాద్‌లో అంతా మామూలుగానే ఉంది, పని ఒక్క గంట కూడా ఆగలేదు. ఆయన అలా చెబుతున్నప్పుడు కిటికీ కింద రోడ్డు మీద నినాదాలు వినబడుతుంటే, నేను లేచి కిటికీ మూసేదాన్ని. బంద్ ముందురోజే మాకు పరుపులు, దుప్పట్లు, మూడు పూటల తిండి ఏర్పాటు చేసి ఆఫీసులోనే ఉంచేసేవాళ్ళు. క్యాంటీన్‌లో మావాళ్ళంతా ఒక బల్ల దగ్గర, తెలంగాణవాళ్ళంతా ఒక బల్ల దగ్గర. నిన్నటిదాకా ఒకే డబ్బాలో తిన్నవాళ్ళం, ఉప్పు అడగడానికి కూడా మొహమాటపడ్డాం.

హౌస్‌కీపింగ్ వాళ్ళకు పరుపులు లేవు. రైళ్ళు ఆపేసిన రోజు ఆమె బోరబండ నుంచి పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చేది. "ఒక్క టేషనే గదా మేడం," అనేది. ఒకసారి కంకర రాయి తగిలి బొటనవేలి గోరు లేచిపోతే గుడ్డ కట్టుకుని వచ్చింది.

"తెలంగాణ ఒస్తె మీరు పోతరా మేడం?" అని అడిగింది ఆ రోజు.

"నేనెందుకు పోతా?"

"పోకున్రి. తెలంగాణ ఒస్తె మా ఆయనకు గీడనే పని దొరుకుతదట. గాయిన గిట్ల దుబాయి, మస్కట్ అనుకుంట తిరుగుడుండదు. మీరు గుడ ఉండున్రి, ఏమైతది?"

నాకు ఉద్యమం మీద అప్పటికి చాలా అభిప్రాయాలుండేవి, చాలావరకు మా ఊరి నుంచి అరువు తెచ్చుకున్నవి. ఆ రోజు మాత్రం వాటిని పక్కనపెట్టి, ఆమె వేలికి ఫస్ట్‌ఎయిడ్ పెట్టెలోంచి పట్టీ తెచ్చిచ్చాను.

గేటు దాటేవాళ్ళలో ఎక్కువమంది కూలీలు కాబట్టి, కష్టం చేసే చేతులతో దాన్ని పరీక్షించాలని ఒప్పందంలో ఉంది. మా ఇంజనీర్ల వేళ్ళన్నీ కీబోర్డు మీద పెరిగినవి. ఎన్నిసార్లు పెట్టినా పచ్చ దీపమే. పక్కన కడుతున్న భవనం నుంచి కూలీలను పిలిపిద్దామనుకున్నాం. సమ్మెల వల్ల అక్కడ పని ఆగిపోయి కూలీలు ఊళ్ళకు పోయారు. ఇక మిగిలింది మా హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు కలిపి పన్నెండుమంది. పదిహేను రోజుల ముందు వాళ్ళ వేలిముద్రలు తీసుకుని దాచాం. పని అప్పగించే గడువుకు రెండురోజుల ముందు, ఒక బంద్ రోజు మధ్యాహ్నం, వాళ్ళందరినీ గేటు ముందు వరసగా నిలబెట్టాం.

పన్నెండుమందిలో ఏడుగురికి ఎర్ర దీపం వచ్చింది. ఆమె మొదట నవ్వుతూ లోపలికి పోయింది, తెచ్చిపెట్టుకున్న ఠీవితో కొంగు సర్దుకుని వేలు పెట్టింది. ఎరుపు. మళ్ళీ పెట్టింది, ఎరుపు. మూడోసారి కూడా ఎరుపే. ముందు తలుపు, వెనక తలుపు టక్కున బిగుసుకున్నాయి. మేం చప్పట్లు కొట్టాం, తలుపులు అనుకున్నట్టు పనిచేసినందుకు. ఆమె కాసేపు మాతోపాటు నవ్వి, తర్వాత రెండు చేతులతో గాజును కొట్టడం మొదలుపెట్టింది.

"తెరువున్రి మేడం, జెర తెరువున్రి."

మీట నొక్కి బయటికి తీసుకొచ్చి ఆమె చెయ్యి చూశాను. రోజంతా సబ్బునీళ్ళు, ఫినాయిల్, బాత్రూముల్లో యాసిడ్. వేలి కొస అరిగిపోయిన సబ్బు బిళ్ళలా నున్నగా ఉంది. గీతలున్నాయా అంటే ఉన్నాయి, లేవా అంటే లేవు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆమెకే ఉపాయం తోచింది. "ఆధార్ తీసినప్పుడు గుడ నా వేలు గిట్లనే రాలె. నెత్తికి రుద్దుకోమన్నరు, ఒచ్చింది," అని కొబ్బరినూనె రాసుకున్న జడలోకి వేలు పోనిచ్చి, పైటకు ఒకసారి ఒత్తి, గేటు పలక మీద పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. గదిలో కేకలు, ఈలలు. ఆమె ముఖం చూడాలి ఆ క్షణంలో. పరీక్ష పాసైన పిల్లలా ఉంది. తక్కిన ఆరుగురికీ ఆమే వేలికి నూనె అంటించింది. అయిదుగురికి పచ్చ వచ్చింది. ఒక ముసలి సెక్యూరిటీ ఆయనకు మాత్రం ఏం చేసినా రాలేదు.

"ఇంతే కదండీ," అన్నాడు మేనేజరు. "మొదటిసారి వేలు సరిగ్గా ఆనించలేదని రాసేయండి. గేటు తప్పేం లేదు కదండీ."

నేను రాసేశాను. ఎర్ర దీపాలన్నిటి పక్కన 'వేలు సరిగా ఆనించలేదు' అని రాసి కొట్టేశాను. సెక్యూరిటీ ఆయన పేరు ఎదుట 'బంద్ కారణంగా హాజరు కాలేదు' అని రాశాను. ఆ రిపోర్టు మొత్తంలో బంద్ అన్న మాట వచ్చింది అక్కడొక్కచోటే. కింద నా సంతకం.

నాకు తెలియక చేశానని అనుకోవద్దు. నూనె ఉన్న గీతల్ని పైకి తేలుస్తుంది గానీ లేని గీతల్ని పుట్టించదు. పదిహేను రోజుల కిందటి వేలితో పోల్చడం వేరు, ఆరేళ్ళు సిమెంటు కలిపిన వేలిని ఆరేళ్ళ కిందటి వేలితో పోల్చడం వేరు. ఈ రెండు వాక్యాలు రిపోర్టులో రాయడానికి నాకు అయిదు నిమిషాలు పట్టేది. రాస్తే గడువు తప్పేది. గడువు తప్పితే బంద్‌ల వల్ల హైదరాబాద్‌లో పని జరగడం లేదని అక్కడివాళ్ళు అనుకునేవాళ్ళు. పైగా ఆ పని అయ్యాక నన్ను విదేశానికి పంపుతారన్న మాట అప్పటికే గాల్లో ఉంది. తప్పులు పట్టే అత్తగారు తన దాకా వచ్చేసరికి కళ్ళు మూసుకుంది.

గేట్లు పోయాయి. కొన్ని నెలలకు క్షమాభిక్ష మొదలైంది. భర్త ఎంబసీకి పోయి, పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఇచ్చే కాగితం తెచ్చుకున్నాడని ఆమె వచ్చి చెప్పింది. గడువు ఇంకా అయిదు రోజులుంది అన్నప్పుడు, ఒక మధ్యాహ్నం నన్ను మెట్ల దగ్గరికి పిలిచి ఫోను చేతికిచ్చింది.

"మీరు జెర చెప్పున్రి మేడం. ఆయనకు భయమైతున్నదట. మీరు చేసిన గేటే గదా."

అవతల నుంచి ఒక బొంగురు గొంతు, చాలా మర్యాదగా మాట్లాడింది. "నమస్తె మేడం. గీడ రెండు తీర్ల చెప్తున్నరు. వేళ్ళు ఖరాబున్నోళ్ళు కౌంటర్ కాడికే పోవాలె, ఆఫీసర్ మొకం జూసి పంపుతడు అంటున్నరు మన సంఘమోళ్ళు. గాడ లైను నాలుగైదు దినాలైతుందట, ఆకరి దినం దాకా అందుతదో లేదో. గేటు కాడికి పోతె ఒక్క నిమిషమంటున్నరు. ఏది మంచిది మేడం? మీరెట్ల చెప్తె గట్ల జేస్త."

ఆ ప్రశ్నకు జవాబు లోకంలో నాకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. కౌంటర్‌కు పొండి, ఎన్ని రోజులైనా నిలబడండి అనాలి. కానీ ఆమె నా ఎదుటే నిలబడి, నా నోటినే చూస్తోంది. కౌంటర్‌కు పొమ్మంటే, ఎందుకని అడుగుతుంది. మీరు చేసిన గేటు పనిచేయదా అని అడుగుతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

"గేటుకే పొండి," అన్నాను. "ఏం కాదు. వేలికి కాస్త కొబ్బరినూనె రాసుకుని, తుడుచుకుని పెట్టండి. పచ్చ దీపం వస్తుంది."

"అగొ, నేను జెప్పలె?" అని ఆమె ఫోను లాక్కుని నవ్వుతూ మొగుడికి ఇంకోసారి వివరించింది. ఎంత నూనె, ఏ వేలు, పైటకు బదులు ఆయన దేనికి తుడుచుకోవాలి, అన్నీ.

ఆయన దిగాల్సిన రోజు కూడా బంద్. వాళ్ళ వీధిలో ఒక ఆటో ఆయనను ఆమె ముందే బతిమాలుకుని, తెల్లవారకముందే కూతురిని తీసుకుని శంషాబాద్ పోయింది. మర్నాడు ఉదయం పనిలోకి వచ్చింది. యూనిఫాం కోటు కింద జరీ అంచు పట్టుచీర, జడలో వాడిన మల్లెలు. ఇంటికి పోయి మార్చుకోలేదు. అక్కడ నుంచి ఎలా తిరిగొచ్చిందో నేను అడగలేదు.

"మూడు ఇమానాలు ఒచ్చినయి మేడం," అంది. "అందరు దిగిన్రు. ఆయనే దిగలె. బిడ్డ ఒచ్చినోళ్ళందర్ని గీయననా, గీయననా అని అడిగింది."

సంగతి రెండురోజుల తర్వాత, భర్తతో ఒకే గదిలో ఉన్నాయన ఫోన్ చేస్తే తెలిసింది. భర్త గేటులోకి పోయాడు. నూనె రాసుకుని, తుడుచుకుని, వేలు పెట్టాడు. ఎరుపు. మళ్ళీ కొంచెం నూనె రాసుకున్నాడు. ఎరుపు. మూడోసారి ఎరుపు వచ్చి తలుపులు బిగుసుకున్నాయి. వచ్చిన పోలీసు మొదట వేలు చూశాడు, నూనెతో జిడ్డుగా ఉంది. చేతిసంచీ చూశాడు, చిన్న కొబ్బరినూనె సీసా దొరికింది. వేరేవాడి కాగితంతో పారిపోతూ, మెషిన్‌ను మోసం చేయడానికి వేలికి ఏదో పూసుకున్నాడని రాశారు. ఎవరు చెప్పారని అడిగితే, ఇండియాలో గేటు చేసిన మేడం చెప్పిందన్నాడట. వాళ్ళు నవ్వారట. క్షమాభిక్ష గడువు ఆయన లోపల ఉండగానే అయిపోయింది.

"మీ తప్పేం లేదు మేడం," అంది ఆమె, నేను ఏమీ అనకముందే. "ఆయన వేలే గసుంటిది. నూనె ఎక్కువ రాసుకున్నట్టున్నడు."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చాను, అంతే.

వారం తర్వాత ఆమె ఒక దారి కనుక్కుని వచ్చింది. అక్కడ మనవాళ్ళ సంఘంలో ఒకాయన చెప్పాడట. గేటు తయారుచేసినవాళ్ళలో ఒకరు ఇంగ్లీషులో ఒక్క పేజీ రాసిస్తే చాలు. అరిగిన వేళ్ళను ఈ మెషిన్ గుర్తుపట్టలేదనీ, నూనె రాసుకోమన్నది తామేననీ. ఆ కాగితం వకీలు చూపిస్తే వదిలేయవచ్చు. లేకపోతే కేసు ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఒక్క పేజీనే మేడం," అంది.

మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన తలుపు వేసి, నాకు కుర్చీ చూపించి, చాలా దయగా మాట్లాడాడు. "పాపం, నాకూ బాధగానే ఉందండి. కానీ మనం బయట ఒక్క ముక్క చెప్పకూడదని సంతకాలు పెట్టాం కదండీ. అదీగాక, పరీక్షలో అందరికీ పచ్చే వచ్చిందని రిపోర్టు ఉంది. ఇప్పుడు రాదని మీరు రాస్తే, అప్పుడు అబద్ధం రాసింది ఎవరండీ? సంతకం మీదే కదండీ." ఆగి, "మీ వీసా పేపర్లు కూడా కదిలాయి. తొందరపడకండి," అన్నాడు.

ఆయన్ను తిట్టుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. ఆ తిట్లలో నాకు కాస్త సుఖం ఉండేది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. నాకు ఇల్లుంది, చదువుంది, ఈ ఉద్యోగం పోతే గచ్చిబౌలిలో ఇంకోటి దొరికేది. మహా అయితే పరువు పోయేది. ఒక మనిషి జైల్లో ఉండటం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెడితే నాకు నా పరువే బరువుగా తోచింది. అది అంత సులువుగా జరిగిపోతుందని అంతవరకూ నాకు తెలియదు. చెడ్డవాళ్ళు వేరే ఎక్కడో ఉంటారనుకునేదాన్ని.

మర్నాడు ఆమె అడిగింది. "రాసిన్రా మేడం?"

"రాశాను," అన్నాను. "పంపించాను."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ పూటకు ఆమె నా ఎదుట నుంచి పోతే చాలనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ నున్నటి వేళ్ళ మీద నుంచి చూపు తిప్పుకుని, మీటింగ్ ఉందని లేచాను.

ఇక అక్కడ నుంచి ప్రతి సోమవారం ఒకటే ప్రశ్న. "జవాబొచ్చిందా మేడం?" ఇంకా రాలేదు అనేదాన్ని. సెలవులన్నాను. పై ఆఫీసుకు పోయిందన్నాను. ఒక అబద్ధం చెప్పాక రెండోది వెతుక్కోనక్కర్లేదు, అదే వస్తుంది. ఆమె నన్నే ఓదార్చేది. "మీరేం ఫికర్ చెయ్యకున్రి. మీరు రాసిన్రు గదా, గదే ఎక్కువ."

రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో చెప్పిన మర్నాడు మాదాపూర్ రోడ్లన్నీ గులాల్ పడి ఎర్రగా ఉన్నాయి. మా క్యాంటీన్‌లో ఒక బల్ల నిండా కేరింతలు, ఇంకో బల్ల దగ్గర అందరూ ప్లేట్లలోకి చూసుకుంటూ తిన్నారు. ఆమె చెంపల నిండా రంగుతో, చేతిలో లడ్డూల పొట్లంతో నా దగ్గరికి వచ్చి, అందరికంటే ముందు నా నోట్లో పెట్టింది.

"తెలంగాణ ఒచ్చింది మేడం. ఇగ ఆయన గుడ ఒస్తడు."

ఆ లడ్డూ ముక్కను నమలకుండా బుగ్గన పెట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు కాబట్టి నవ్వాను. ఆ సంబరం నాది కాదని దిగులుపడ్డానని మావాళ్ళు అనుకున్నారు, భుజం తట్టారు కూడా.

తర్వాత రెండు వారాలకు ఆమె పొద్దున్నే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. మొన్న జైలు నుంచి భర్తతో మాట్లాడనిచ్చారట, రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆమె చెప్పిందంతా ఒక్కటే. మేడం రాసింది, కాగితం పోయింది, భయపడకు. ఆయన ఏడ్చాడట. నిన్న మళ్ళీ మాట్లాడనిస్తే, లోపల ఉన్నవాళ్ళకు కూడా చెప్పానన్నాడట.

"గాయినొక్కడే కాదట మేడం. గాడ ఇంకా ఏడుగురున్నరట, గా గేటు కాడ పట్టుకున్నోళ్ళే. అందరు సుతారి పనోళ్ళు, సెంట్రింగ్ పనోళ్ళు. నిజామాబాద్ వాళ్ళు ముగ్గురు, మన జిల్లోళ్ళు ఇద్దరు, ఇద్దరు కడపోళ్ళట మేడం, మీ దిక్కే. మీ మేడంకు చెప్పి మా పేర్లు గుడ రాయించు అన్నరట." కోటు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచింది. గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఆమె కూతురి గుండ్రటి చేతిరాత. ఏడు పేర్లు, ఊళ్ళు, కాగితాల నంబర్లు. నిన్న ఫోన్లో ఆయన చెబుతుంటే ఈమె బయటికి అంటే, ఆ పిల్ల రాసిందట. ఒక నంబరు తప్పు రాసి, కొట్టేసి, పక్కన శుభ్రంగా మళ్ళీ రాసింది.

"ఇయ్యాల్నే రాస్తరా మేడం? వాళ్ళు ఎదురుచూస్తరు."

"ఇప్పుడే రాస్తా," అన్నాను.

ఆమె దండం పెట్టి, బకెట్ తీసుకుని గాజు గోడకు అవతల నిలబడి తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ నడుమ నడుమ నా వైపు చూస్తోంది. నేను కంప్యూటర్ తెరిచాను. కాగితాన్ని పక్కన పెట్టుకున్నాను. టైపు చేయడం మొదలుపెట్టగానే ఆమె చెయ్యి ఆగింది. పక్కన తుడుస్తున్న ఇంకో ఆమెను మోచేత్తో తట్టి నన్ను చూపించి, వేలితో టైపు చేస్తున్నట్టు అభినయించి నవ్వింది. నేను తల ఎత్తకుండా ఆ మెయిల్ పూర్తిచేశాను. నన్ను వీలైనంత త్వరగా, కుదిరితే ఈ వారంలోనే, గచ్చిబౌలిలో ఉన్న మా ఇంకో ఆఫీసుకు బదిలీ చేయమని మేనేజరుకు రాశాను.